మోటారు ఆగినా తిరిగే చక్రం

పోయిన వారం అలేఖ్యను కోరుట్ల బస్టాండులో, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు మెట్ల మీద వదిలిపెట్టాం. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో మోగుతున్న ఫోను, ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. మూడు రోజుల కింద అదే పిల్ల కాళ్లు నేల మీద నిలవలేదు. గిజిగాడు అనే ఆపరేటింగ్ సిస్టంలో ఆమె పంపిన పదకొండు ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, ఒక్కసారే చేరిపోయాయి మరి. కొత్తగా చదువుతున్నవారి కోసం ఒక ముక్క: గిజిగాడు ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా విప్పి చూసి బాగుచేయవచ్చు. నీటి పంపులకూ, తూకం యంత్రాలకూ, మగ్గాలకూ తగిలించే చిన్న డబ్బాలను అది నడిపిస్తుంది. అందులో మగ్గాల భాగాన్ని పదిహేనేళ్లుగా చూసుకుంటున్నది జగిత్యాలలో లెక్చరర్‌గా ఉన్న జగదీశ్ సార్. ఇక ఆ బాధ్యత అలేఖ్యదేనని వచ్చే ఆదివారం జగిత్యాలలో అందరి ముందూ చెబుతానని ఆయన మాటిచ్చాడు. సరిగ్గా అప్పుడే సిరిసిల్ల నుంచి మేనత్త మొగిలవ్వ ఫోను చేసింది.

"కోడలా, నీ కొత్త సాఫ్ట్‌వేర్ ఏసినకాంచి నా చీరల అంచులు ఖరాబైతున్నయ్. అచ్చి సూడు."

సిరిసిల్లలో బస్సు దిగేసరికి పది దాటింది. మొగిలవ్వ కార్ఖానా గడపలోకి అడుగుపెట్టగానే సాంచెల చప్పుడు చెవులను కమ్మేసింది. మరమగ్గాలను అక్కడ సాంచెలనే అంటారు. ఆమెకు నాలుగు సాంచెలున్నాయి, వాటిలో రెండింటికి గిజిగాడు డబ్బాలు. సొంతంగా సాంచెలు నడిపే ఆడమనిషి ఆ వాడలో ఆమె ఒక్కతే. యాభై దాటినా, పోగును అటూ ఇటూ మోసే నాడెను మార్చడంలో ఆమె చేతివాటం పడుచువాళ్లకు లేదు. నోటివాటం గురించి చెప్పనే అక్కర్లేదు.

కోడలిని చూడగానే మంచినీళ్లు ఇవ్వలేదు, కూర్చోమనలేదు. మడత పెట్టిన చీరొకటి తెచ్చి ఆమె ముందు విప్పింది.

"గీ మామిడి పిందె సూడు. మంచిగ అస్తనే ఉన్నది, అస్తనే ఉన్నది, గీడికచ్చి తలకాయ తెగిపోయింది. మల్ల రెండు జానలు మంచిగున్నది, మల్ల తెగింది. పందొమ్మిది చీరలు గిట్లనే. చీరలు కొనే సేటు ముఖం మీద కొట్టినట్టు వాపస్ పంపిండు."

"వైరు లూజైందేమో అత్తా. సెన్సార్ కాడ దుమ్ము పట్టిందేమో."

"దుమ్ము నిన్న మొన్న పట్టిందా? ఈ కార్ఖానల దుమ్ము లేంది ఎన్నడు? శుక్రారం నువ్వు కొత్తది ఎక్కియ్యమన్నవ్, ఎక్కిచ్చిన. శుక్రారం నుంచే పువ్వు తెగుతున్నది. ఆడికాడికి లెక్క సరిపోయింది గదా?"

అలేఖ్య సాంచ పక్కన వంగింది. అంచులో పువ్వుకు ఎప్పుడు ఏ పోగు లేవాలో చెప్పేది సాంచ పక్కన బిగించిన ఆ డబ్బానే. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక పోగు పడినట్టు లెక్క. చక్రం దగ్గర ఉన్న రెండు సెన్సార్లు ఆ చుట్లను పట్టి డబ్బాకు చెబుతాయి. డబ్బా మీది చిన్న తెరలో అంకె ఒక్కొక్కటే పెరుగుతుంది. మగ్గం ఏ పోగులో ఉంటే డబ్బా కూడా ఆ పోగులోనే ఉండాలి. అంతే కథ.

"ఒకసారి నడుపు అత్తా. నేను ఈ అంకెనే సూస్త."

మొగిలవ్వ సాంచ నడిపింది. అంకె పెరుగుతూ పోయింది. నూటతొంభై, రెండువందలు, రెండువందల పద్నాలుగు. అక్కడ పేక పోగు, అంటే అడ్డం పోగు, తెగింది. మొగిలవ్వ మోటారు ఆపింది. ఆపి, ఎడమచేత్తో నాడె తీస్తూనే కుడిచేత్తో చక్రం పట్టుకుని రెండు చుట్లు వెనక్కి తిప్పింది. తెగిన పోగు ఎక్కడ మొదలైందో ఆ చోటు దొరికింది. నూలు చుట్టిన కొత్త కండె పెట్టిన నాడె వేసి మళ్లీ మోటారు వేసింది. ఇదంతా చేయడానికి ఆమెకు పట్టిన సమయం మనం చెప్పులు విడిచినంత.

తెర మీద అంకె రెండువందల పద్నాలుగు దగ్గరే ఉంది. చక్రం రెండు చుట్లు వెనక్కి పోయిన సంగతి డబ్బాకు తెలియనే తెలియదు.

అలేఖ్యకు పదకొండు ప్యాచ్‌లలో ఏడోది కళ్ల ముందుకొచ్చింది. ఎవరో ఎప్పుడో రాసిన ఇరవైరెండు లైన్లు. మోటారు ఆగి ఉండగా చక్రం తిరిగితే, ఎటు తిరిగిందో చూసి అంకెను తగ్గించమనో పెంచమనో వాటి సారాంశం. ఏళ్ల తరబడి పేరుకున్న పనికిరాని కోడ్‌ను ఊడ్చి శుభ్రం చేయడం ఆమె పెట్టుకున్న పని. ఆ ఇరవైరెండు లైన్లనూ చెత్తలోకి ఊడ్చేసి, కారణం కింద స్వయంగా రాసింది: "మోటారు ఆగాక చక్రం తిరగదు. ఇది ఎప్పటికీ నడవని కోడ్." ప్రపంచంలో ఆరు దేశాలవాళ్లు ఆ మాట చదివి బాగుంది బాగుంది అన్నారు. పెద్ద కంపెనీల మగ్గాలకు వెనక్కి పోవడానికి బొత్తాం ఉంటుంది, దాన్ని కూడా మోటారే తిప్పుతుంది. వాళ్లకు తెలియకపోవడంలో వింతేముంది?

కానీ ఈ పిల్ల పుట్టింది సాంచెల నడుమ. పదేళ్ల వయసులో ఇదే చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని వేలాడి తిప్పింది. అంత తెలిసిన మనిషి కోడ్ ముందు కూర్చోగానే కంపెనీవాళ్ల పుస్తకంలోని మగ్గాన్ని తలలో పెట్టుకుంది, మేనత్త సాంచను మరిచిపోయింది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది, సిగ్గుతో అది బయటికి రాలేదు.

"అత్తా, తప్పు వైరుది కాదు. నాదే."

మొగిలవ్వ నాలుగు సాంచెలూ బందు పెట్టింది. ఒక్కసారిగా వచ్చిన ఆ నిశ్శబ్దంలో అలేఖ్య జరిగింది పూసగుచ్చినట్టు చెప్పింది.

"నేను చెయ్యి పెట్టి తిప్పుతనని నీకెరుక లేదా?" అంది మొగిలవ్వ.

"ఎరుకే."

"మరెట్ల తీసేసినవ్?"

మొగిలవ్వే చీర మడత పెట్టి, "సరే, ఏడ్సుడెందుకు. తీసేసినదాన్ని మల్ల పెట్టరాదా?" అంది.

పెట్టవచ్చు. ఒక్క మగ్గానికైతే అరగంట పని. అలేఖ్య పాత లైన్లను తిరిగి చేర్చి ఆ డబ్బాలో ఎక్కించింది. మొగిలవ్వ సాంచ నడిపి, ఆపి, చక్రం వెనక్కి తిప్పింది. తెర మీద అంకె తొంభైఆరు నుంచి తొంభైనాలుగుకు దిగింది.

అసలు చిక్కు వేరే ఉంది. శుక్రవారం ఎక్కించింది గిజిగాడు పరీక్ష రూపమే, అసలు విడుదల మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి మార్పులకు మూతపడుతుంది. ఆ తర్వాత ఐదేళ్లపాటు అన్ని ఊళ్ల డబ్బాలకూ అదే దిక్కు. ఆలోపు ఈ లైన్లు తిరిగి చేరకపోతే చేత్తో చక్రం తిప్పే ప్రతి సాంచలోనూ పువ్వు తెగుతుంది. చేరాలంటే గిజిగాడువాళ్లంతా ఈమెయిల్‌లో చదివే ఉత్తరాల జాబితాలో "నేను పొరపాటు చేశాను" అని రాయాలి. అది చదివే పెద్దాయన ఫిన్లండులో ఉంటాడు. గిజిగాడుకు కోడ్ రాసే మన పిల్లలు ఆయన్ని ఫిన్లండ్ తాత అంటారు. ఏ భాగానికి ఎవరు బాధ్యులో చివరిమాట ఆయనదే. ఆదివారం జగదీశ్ సార్ ఏం ప్రకటించినా ఫిన్లండ్ తాత ఊ అంటేనే అది చెల్లుతుంది.

ఏ కోడ్‌నైనా తీసేసే ముందు దాన్ని ఎవరు, ఎందుకు రాశారో వెతకాలన్నది గిజిగాడువాళ్ల మొదటి నియమం. అలేఖ్య పది ప్యాచ్‌లకు వెతికింది. ఏడోదానికి మాత్రం ఇందులో ఏముందిలే అనుకుంది. ఇప్పుడు కండెల బుట్ట పక్కన కూర్చుని వెతికింది. పదిహేనేళ్ల కిందటి పేజీ తెరుచుకుంది. "సిరిసిల్లలో చూశాను. పోగు తెగితే మోటారు ఆపి చేత్తో వెనక్కి తిప్పుతున్నారు" అని ఒక్క వాక్యం. దాని కింద రాసినవారి పేరు చూసి ఆమె అక్కడికక్కడే జగిత్యాలకు ఫోను కలిపింది.

"సార్, ఏడో ప్యాచ్‌ల నేను తీసేసిన లైన్లు రాసింది మీరే."

"ఏ లైన్లమ్మా?" అన్నాడు జగదీశ్. ఆమె చదివి వినిపించింది. తర్వాత ఆయన గొంతు తగ్గిపోయింది. "రాసినోన్ని నేనే. తీసేస్తుంటే సరే అన్నోన్ని నేనే. సదవలేదు అలేఖ్యా. పైన నీ పేరు సూసిన, మంచిగనే చేసుంటది అనుకున్న, పేరు పెట్టేసిన. గీ మధ్య అన్నీ గట్లనే జేస్తున్న. ఓపిక అయిపోయింది. గందుకే నీకు అప్పజెప్తనన్న."

"జాబితల రాస్త సార్. ఇప్పుడే."

"జర ఆగు. సిరిసిల్లల నలబై డబ్బలున్నయ్. ఆటికి మనం సప్పుడు గాకుండ పాత లైన్లు ఎక్కిద్దాం. ఆదివారం కానీయ్. నువ్వు కుర్సీల కూసున్నంక మెల్లగ సర్దుకోవచ్చు."

"మిగతా ఊళ్లు?"

"మిగతా ఊళ్లల్ల చేత్తో తిప్పుతరని నీకెరుకనా?"

"తిప్పరని మీకెరుకనా సార్? నేను గట్ల అనుకునే గదా తీసేసింది."

ఆ మాట అన్నాక అలేఖ్య నాలుక కరుచుకుంది. గురువుతో అంత గట్టిగా ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. మొగిలవ్వ మాత్రం వింటూ తల పంకించింది.

"ఫిన్లండాయన నీకు బాధ్యత ఇయ్యడమ్మా," అన్నాడు జగదీశ్. అది బెదిరింపు కాదు, బాధ. "మూత పడే ముందురోజు తప్పయిందని అచ్చినోల్లను ఆయన మర్సిపోడు. మూడేండ్లు కష్టపడ్డవ్."

"పడ్డ. గని సార్, తెలిసి గూడ సప్పుడు చెయ్యకపోతే గా కుర్సీల ఎట్ల కూసుంట?"

జగదీశ్ దగ్గాడు. దగ్గో, ఇంకేమో. "సరే, రాయి. తీసేటప్పుడు సరే అన్నది జగదీశేనని గూడ రాయి. నీ ఒక్కదాని పేరు పెట్టినవంటే ఊకోను."

ఉత్తరం రాయడానికి గంట పట్టింది. పదాలకు కాదు, పొగరు కరగడానికే ఎక్కువసేపు పట్టింది. గిజిగాడులో ప్రతి ప్యాచ్ కిందా రాసినవారి పేరు, పరిశీలించినవారి పేరు, నడిపి చూసినవారి పేరు ఉండాలన్నది ఆచారం. మూడోచోట ఆమె "మొగిలవ్వ, సిరిసిల్ల" అని రాసింది.

"నా పేరెందుకే?" అంది మొగిలవ్వ, తెర మీదికి వంగి.

"తిప్పి సూసింది నువ్వే గదా."

మొగిలవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, పొయ్యి మీద చాయకు నీళ్లు పెట్టింది.

రెండింటికి ఫిన్లండ్ తాత జవాబు వచ్చింది. ఎప్పటిలాగే మూడు వాక్యాలు. "పొరపాటు చెప్పినందుకు సంతోషం. మోటారు ఆగిన మగ్గాన్ని మనిషి చేత్తో వెనక్కి తిప్పడం నేను వినలేదు. ఒక ఊరి అలవాటు కోసం విడుదల తెరవలేను, ఇంకెక్కడైనా ఉందని చూపండి."

అలేఖ్య జాబితాలో ప్రశ్న వేసి కూర్చుంది. నలభై నిమిషాలు ఎవరూ పలకలేదు. చాయ చల్లారిపోయింది. తర్వాత మహారాష్ట్రలోని మరమగ్గాల ఊరు మాలెగావ్ నుంచి ఒకామె రాసింది. ఆమె పేరు ఆ జాబితాలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"మేమూ చేత్తోనే తిప్పుతాం. ఇక్కడ ఎవరిని అడిగినా అదే చెబుతారు. శుక్రవారమే మొదటిసారి ఈ డబ్బాలు పెట్టాం, అప్పటి నుంచి మా అంచులూ చెడిపోతున్నాయి, మా వైర్లదే తప్పనుకుని రోజంతా విప్పుతూ కూర్చున్నాం. మీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది."

అలేఖ్య లేచి నిలబడి మొగిలవ్వను గట్టిగా కౌగిలించుకుంది. ఎక్కడో ఇంకో కార్ఖానాలో ఇంకో చేయి ఇదే చక్రాన్ని పట్టుకుంటోంది. అది తెలియడమే ఆమెకు కొండంత బలమైంది. తర్వాత గాని మిగతా రెండు వాక్యాలు చదవలేదు.

"మీ ప్యాచ్ వేసి చూశాం. సగం మగ్గాలు బాగయ్యాయి, మిగతా సగం ఇంకా ఎక్కువ చెడిపోయాయి."

దాని వెనకే ఫిన్లండ్ తాత మాట దిగింది. "చేత్తో తిప్పుతారని ఒప్పుకుంటున్నాను. కానీ సగం మగ్గాలను చెడగొట్టేదాన్ని ఐదేళ్ల విడుదలలో పెట్టలేను. రేపు పన్నెండు వరకు ఆగుతాను."

అలేఖ్య తల పట్టుకుంది. మళ్లీ ఫోను కలిపితే అవతల జగదీశ్ కూడా తలే పట్టుకున్నట్టున్నాడు. ఆయన ఇరవైరెండు లైన్లనూ మళ్లీ మళ్లీ చదువుతున్నాడు, ఎక్కడా తప్పు దొరకడం లేదు. "పదిహేనేండ్లు నడిసినయ్, సగమెట్ల చెడుతయ్?" అంటున్నాడు.

"ఏ సగం?" అంది మొగిలవ్వ.

"ఆమె రాయలేదు అత్తా."

"అడుగరాదా? ఎడమ సాంచెలు గావు గదా?"

అలేఖ్య ఆ ప్రశ్నను మాలెగావ్‌కు పంపింది. సాంచెలు ఎప్పుడూ జంటగా ఉంటాయి. ఒక్క మనిషి నడుమ నిలబడి రెండూ చూసుకోవాలి కాబట్టి ఒకదాని చక్రం కుడివైపు, ఇంకోదాని చక్రం ఎడమవైపు ఉంటుంది. కుడి సాంచ చక్రాన్ని ఎటు తిప్పితే వెనక్కో, ఎడమ సాంచ చక్రాన్ని అటే తిప్పితే ముందుకు.

"మనకు రెండు డబ్బలు ఉన్నయ్ గదా, రెండూ కుడి సాంచెలకేనా?" అంది అలేఖ్య.

"సిరిసిల్లల అందరికీ కుడి సాంచెలకే. వెల్డింగాయన సెన్సారు పట్టీ కుడి దిక్కుదే చేసిండు. ఎడమదానికి సరిపోదు."

అంటూనే మొగిలవ్వ స్పానర్ అందుకుంది. ఇప్పుడిప్పుడే బాగయిన సాంచ నుంచి డబ్బాను విప్పుతుంటే అలేఖ్య వద్దనబోయి ఊరుకుంది. పట్టీ సరిపోకపోతే గుడ్డపీలికలతో సెన్సార్లను ఎడమ సాంచకు బిగించి కట్టారు. మొగిలవ్వ కాసేపు సాంచ నడిపింది. యాభై దగ్గర ఆపి, చక్రం రెండు చుట్లు వెనక్కి తిప్పింది.

అంకె యాభైరెండు చూపించింది.

"దొరికింది సార్!" అని అరిచింది అలేఖ్య. "ఎడమదాన్ని తిప్పితే ముందుకు పోతున్నది. రెండు తగ్గుడు గాదు, రెండు పెరుగుతున్నది. గందుకే ఎక్కువ చెడింది."

"గంటే నేను రాసిందే సగం," అన్నాడు జగదీశ్ నెమ్మదిగా. "కుడి సాంచ ఒక్కటే సూసచ్చి రాసిన. ఇప్పుడు సరిచెయ్యాల్నంటే తను ఉన్నది కుడి సాంచ మీదనో ఎడమ సాంచ మీదనో డబ్బకు తెల్వాలె. గా రెండు సెన్సార్లతోని దానికి ఎట్ల తెలుస్తది? మోటారు నడుస్తుంటే రెండూ ఒక్క తీరుగనే కనబడేటట్టు జేసినం. తెలుసుకునే తొవ్వే లేదమ్మా."

అలేఖ్య ఆ మాట మొగిలవ్వకు విడమరిచి చెప్పింది. మొగిలవ్వ ఇంత చిన్న విషయానికి ఇంత ఆలోచనా అన్నట్టు చూసింది.

"డబ్బకు తెల్వకపోతే మాయె. నాకెరుకే గదా? నన్నడుగుమను."

ఫోనులో జగదీశ్ నవ్వాడు. పొద్దుటి నుంచి ఆయన నవ్వడం అదే మొదటిసారి. డబ్బా మొదటిసారి పెట్టినప్పుడు "కుడా, ఎడమా?" అని తెర మీద ఒక్క ప్రశ్న వేయాలి. నేసేవాళ్లు బొత్తాం నొక్కాలి. అంతే. సాయంత్రంలోగా రాసేయవచ్చు. చెడినవి ఎడమవేనని జవాబిచ్చిన మాలెగావ్ ఆమె, వాటి మీద నడిపి చూడటానికి సిద్ధంగా ఉంది. అడ్డం ఒక్కటే. మూతపడే ముందురోజు కొత్త ప్రశ్న పెట్టడమంటే గిజిగాడులో మహా నేరం. అయినా అలేఖ్య జంకలేదు. జరిగింది జరిగినట్టు, మొగిలవ్వ అన్నమాట అన్నట్టు ఇంగ్లిషులో రాసి ఫిన్లండుకు పంపింది.

ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. అలేఖ్య చదివి, నమ్మలేక ఇంకోసారి చదివింది.

"యంత్రం మనిషిని అడగకూడదని నేనే నియమం పెట్టాను. మనుషులు తప్పు జవాబిస్తారు, అప్పుడు నింద మన మీదికొస్తుంది. ఈ ఒక్కసారి నియమం తీయాలో వద్దో ఆ చక్రం తిప్పే ఆమెతో మాట్లాడి నిర్ణయిస్తాను. ఇప్పుడే ఫోను చేస్తున్నాను. మీరు ఆమె మాటలు ఉన్నదున్నట్టు చెప్పండి, మీవి కలపకండి."

ల్యాప్‌టాప్ మోగడం మొదలైంది. అలేఖ్య దాన్ని మొగిలవ్వ వైపు తిప్పింది. "అత్తా, ఫిన్లండాయన. నీతోనే మాట్లాడుతడట. జర జాగ్రత్తగ చెప్పు, మన సాంచెలే గాదు, మాలెగావోల్లయి గూడ నీ మాట మీదనే ఉన్నయ్."

మొగిలవ్వ చేతుల దూది దులుపుకుంది. జుట్టు సర్దుకుంది. కండెల బుట్టను కాలితో పక్కకు జరిపి తెర ముందు కూర్చుంది.

"ముందుగాల ఆయన్ని నేనొకటి అడుగుత," అంది. "నువ్వైతే ఎత్తు."

(తరువాయి వచ్చే వారం)